తగ్గని కుండలో బొగ్గు రవ్వ

సికింద్రాబాదులోనే కాదు, నిజాం ఏలుబడిలో ఉన్న పదహారు జిల్లాల్లోనూ వెతకండి, పదకొండు రోజులు వండుకు తిన్నా బియ్యం తగ్గని కుండ ఒక్కటే దొరుకుతుంది. అది బన్సీలాల్‌పేటలో, మెట్లబావి వెనక సందులో, ఆర్థర్ వాళ్ళింట్లో ఉండేది. ఎవరో చెబితే విన్న ముచ్చట కాదిది. ఈ కుడిచేతిని మోచేతి దాకా అందులో పెట్టి చూసినవాణ్ణి. తీసినకొద్దీ బియ్యం అడుగు నుంచి ఊటనీళ్ళలా మెల్లగా పైకి ఊరుతూ వేళ్ళ సందుల్లో చక్కిలిగిలి పెట్టింది. నమ్మనివాళ్ళు పత్రిక ఇక్కడే మూసి వక్కపొడి నమలవచ్చు, నాకేమీ కోపం లేదు.

నమ్మినవాళ్ళ చేయి పోయినవారం ఎక్కడ వదిలానో అక్కడే మళ్ళీ పట్టుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఓ వేలు పట్టుకోవచ్చు. ఆర్థర్ రైలింజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్. 1948 సెప్టెంబరు ఏడు, మంగళవారం నాడు మెడకు ఎర్ర రుమాలు చుట్టుకుని, డోర్నకల్ వైపు పోయే గూడ్సుబండి ఎక్కాడు. రెండు రోజుల్లో వస్తానన్నాడు. అవి బండెక్కిన ప్రతివాడూ తిరిగి దిగే రోజులు కావు. ఆ తరవాతి సోమవారం భారత యూనియన్ సైన్యం నాలుగు వైపుల నుంచి సంస్థానంలోకి వచ్చింది. పట్టాలు తెగాయి, తంతితీగలు తెగాయి, బజారు మూతపడింది. ఆర్థర్ బండి ఏ స్టేషన్లో నిలిచిపోయిందో, అసలు నిలిచిందో పడిందో చెప్పేవాడు లేడు.

ఇంట్లో మిగిలింది ఇద్దరు. ఏడో నెల కడుపుతో ఉన్న భార్య దేవకృప, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. అత్త ఎలీసబెతు, ముప్పై ఏళ్ళ కిందట తెనాలి పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చి, ఇక్కడి నీళ్ళు తాగుతూ అక్కడి యాసను చెక్కు చెదరకుండా దాచుకున్న మనిషి. ఆమె ఇంట్లో ప్రార్థన అంటే నోరు తెరిచి, గొంతెత్తి చెయ్యడమే. మనసులో గొణుక్కునే ప్రార్థన పైకి చేరుతుందని ఆమెకు పూచీ లేదు. ఆ అలవాటే దేవకృపకూ వచ్చింది. మొగుడు బండెక్కిన సాయంత్రమే బియ్యపు కుండ ముందు మోకాళ్ళూని, పైకే అడిగింది: "దేవా, ఆయన పానంతోటి ఉన్నన్ని దినాలు గీ కుండల బియ్యం తగ్గనియ్యకు. తగ్గిననాడు నేను సమజ్ చేసుకుంట."

చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఆమె ఒక కథ విన్నది. కరువు కాలంలో ఒక విధవరాలి తొట్టిలో పిండి అయిపోకుండా దేవుడు చూశాడట. ఆ పిల్ల పెద్దదై, పెళ్ళయి, కడుపుతో ఉండి, ఆ కథను తీసుకొచ్చి మొగుడి ప్రాణానికి ముడివేసింది.

తగ్గలేదు. కుండ మెడ దగ్గర వెంట్రుక వాసి పగులు ఒకటుంది. పొద్దున్నే అత్తాకోడళ్ళు బావికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుని, తిరిగొచ్చి మూత తీస్తే, బియ్యం సరిగ్గా ఆ పగులు దాకా ఉండేది. నిన్న తీసిన సోలెడు ఎక్కడికి పోయిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. దేవకృప ఆ గుర్తు మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, కుండకు చెవి ఆనించేది. లోపల తెల్లటి కొండలు. కొండల మధ్య చీమంత ఇంజను, దారంత పొగ వదులుతూ, చప్పుడు చేస్తూ పోతూ ఉండేది. అందులో ఎర్రటి చుక్క ఒకటి కదిలేది. అది ఆయన రుమాలు. చప్పుడు తన చెవిలోని నెత్తురుదేనని ఆమెకు ఎవరైనా చెప్పినా వినేది కాదు.

నమ్మకం కుదిరాక చేయి కూడా పెద్దదైంది. పక్కింటి కమలాబాయి మొగుడు సదాశివ ఇళ్ళు కట్టే మేస్త్రీ. పని ఆగి వాళ్ళ పొయ్యి ఆరిపోతే, దేవకృప రోజూ గిన్నెడు బియ్యం గోడ మీదుగా అందించింది. బదులుగా కమలాబాయి గుడ్డు ఇచ్చేది. ఆమె కోడి సంగతి ఆ పేటంతా తెలుసు: పైన విమానం చప్పుడైతే మంచం కిందికి దూరి గుడ్డు పెట్టేది. బేగంపేట వైపు నుంచి రెండు విమానాలు జంటగా వచ్చిన రోజున రెండు పచ్చసొనల గుడ్డు పెట్టింది.

ఇదీ నిన్నటి దాకా జరిగింది. ఇక ఇవాళ, పద్దెనిమిదో తేదీ, శనివారం.

లడాయి ఆగిపోయిందని ముందురోజు సాయంత్రం రేడియో చెప్పింది. తెల్లారేసరికి దేవకృప పాదాలు వాచి గట్టు ఎక్కిన చేపల్లా ఉన్నాయి. కమలాబాయి తలుపు తోసి చూసి, రెండు బిందెలూ తనే చంకన పెట్టుకుంది.

"నువ్వు కదలకు కిరుపమ్మా. నీళ్ళు నేన్ తెస్త. పెద్దమ్మా, నువ్వు సుత ఆ పిల్ల కాడనే కూసో."

అలా పదకొండు రోజుల్లో మొదటిసారి ఆ ఇద్దరూ పొద్దున ఇల్లు కదల్లేదు. బిందెలు దింపి కమలాబాయి వెళ్ళాక, దేవకృప వంటకు లేచి కుండ మూత తీసింది.

బియ్యం పగులుకు అంగుళం కిందున్నాయి.

ఆమె మూత మళ్ళీ పెట్టింది. కాసేపు ఆగి మళ్ళీ తీసింది. అంగుళం అంగుళమే. ఏడుపు రాలేదు. ఒంట్లోంచి ఏదో మెత్తగా జారి నేలలోకి ఇంకిపోయినట్టయింది. సోలెడు బియ్యం కొలిచింది, ఎసట్లో పోసింది, గంజి వార్చింది. ఇవన్నీ ఎవరో చేస్తుంటే తను దూరాన్నుంచి చూస్తున్నట్టే ఉంది. అత్తకు ఏమీ చెప్పలేదు. చెబితే నిజమవుతుంది.

పొద్దెక్కేసరికి సందంతా సంబరం లేచింది. పెద్ద రోడ్డు మీద యూనియన్ ఫౌజు టాంకులు వస్తున్నాయట. పిల్లలు, ముసలివాళ్ళు, గుడ్డి లూకాతాత కూడా చూడడానికి బయలుదేరారు. లూకాతాతను ఎవరో ఆటపట్టిస్తే, "చప్పుడు చూస్త రా, నీకేం నొప్పి" అని కర్ర తాటిస్తూ పోయాడు.

కమలాబాయి గోడ మీంచి తొంగి చూసింది. "రావే కిరుపా, చెయ్యి పట్టుకొని తోల్కపోత. ఏనుగులోలె ఉన్నయట."

"కాళ్ళు నొస్తున్నయక్కా. నువ్వు చూసొచ్చి చెప్పు."

"ఏందే గట్ల మొహం పెట్టినవ్? లడాయి ఖతమైంది. ఇగ రైళ్ళు షురూ ఐతయ్. పరేషాన్ గాకు."

ఆ గొంతూ దూరమైంది. సందు సందంతా ఊపిరి బిగపట్టినట్టు నిశ్శబ్దమైంది. ఎండ పెంకుల సందుల్లోంచి నాణేల్లా నేల మీద పడి, నెమ్మదిగా పాకుతోంది.

చేతులు ఊరుకుంటే మనసు ఊరుకోదు కాబట్టి దేవకృప దేవుడి డబ్బా తుడుద్దామని లేచింది.

దేవుడి డబ్బా అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఆ క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళు పూట పూటకూ బియ్యం కొలిచి, కడిగే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. ఇంట్లో ఉన్నది ఒక్క పిడికెడైనా అందులోంచి నాలుగు గింజలు తీయాల్సిందే. ముప్పై ఇళ్ళ గుప్పిళ్ళు వారం వారం ఎలీసబెతు ఇంటికొస్తాయి. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద, డబ్బా మూత తీసేదీ పెట్టేదీ ఆమె ఒక్కతే. ఆ బియ్యమంతా గోడవార నిలబెట్టిన మోకాలెత్తు రేకు డబ్బాలో చేరుతుంది. నెలకో ఆదివారం డబ్బాను గుడికి మోసుకెళితే, పాస్టరు అబ్రహాం అయ్యగారు ప్రార్థన చేసి లేనివాళ్ళకు పంచుతారు. ఆ ఆదివారం రేపే.

నిండు డబ్బా కదా, ఒక పక్కకు ఒరిగిద్దామని రెండు చేతులా బలంగా పట్టి లాగింది. డబ్బా ఎగిరొచ్చి ఆమె గుండెల మీద పడింది. తూలి గోడకు ఆనుకుంది.

మూత తీసి చూసింది. అడుగున నాలుగు వేపాకులు, ఒక పుచ్చుగింజ.

ఎలీసబెతు పీట మీద కూర్చుని చింతపండు పీచు తీస్తోంది. తల ఎత్తలేదు.

"అత్తమ్మా, దేవుని డబ్బా ఉత్తగున్నది."

"ఉంటది."

"దొంగలు పడ్డరా?"

"పడ్డారు. ఒక్కతే పడింది. యాభై ఆరేళ్ళ ముసల్ది, మోకాళ్ళ నొప్పులు. పరిగెత్తనూ లేదు. పట్టిస్తావా?"

దేవకృప డబ్బా కింద పెట్టింది. డబ్బా వంక చూసింది, కుండ వంక చూసింది, పీట మీది మనిషి వంక చూసింది.

"కుండల మీరు పోసిండ్రా?"

"కూర్చో. నిలబడితే కాళ్ళు ఇంకా వాస్తాయి."

"మీరు పోసిండ్రా అత్తమ్మా?"

"నేనే పోశాను." ఎలీసబెతు చింతపండు ముద్ద పక్కన పెట్టి, చేతులు చెంగుకు తుడుచుకుంది. "బావికి పోయేటప్పుడు గొళ్ళెం పెట్టొస్తానని రోజూ నీ వెనకాల ఆగేదాన్ని కాదూ? గొళ్ళేనికి అంతసేపెందుకని నువ్వు ఒక్కరోజన్నా అడిగావా? డబ్బాలోంచి గంటెతో తీసి, ఆ పగులు దాకా పోసి, పైన చదును చేసి, అప్పుడొచ్చేదాన్ని. నువ్వు ఆ కుండ ముందు మోకాళ్ళూని ఊరంతా వినపడేట్టు అడిగావమ్మాయ్. ఊరు వినలేదు. తలుపెనకాల నేను విన్నాను."

ఇక్కడ పాఠకుల ముందు నేను చేతులు జోడించక తప్పదు. మోచేతి దాకా చేయి పెట్టాననీ, బియ్యం ఊరిందనీ మొదట్లో కోతలు కోశాను. పెట్టలేదు. ఆ ఇంటి వంటగదిలోకి ఎలీసబెతు నన్ను కాదు కదా, అయ్యగారినే అడుగుపెట్టనివ్వదు. బియ్యం ఊరలేదు. అందరి కుండల్లోలాగే రోజూ తగ్గింది, ఓ ముసలిచేయి రోజూ నింపింది. ఆ కుండలోని అన్నం తిన్న దేవకృపే కనిపెట్టి ఉండాల్సింది: ఒకే ముద్దలో సన్నగింజ, దొడ్డుగింజ, ఎర్రగింజ కలిసి వచ్చేవి. ముప్పై ఇళ్ళ బియ్యం మరి. పరలోకంలో అన్ని రకాలూ ఒకే గాదెలో పోస్తారు కాబోలని ఆమె సరిపెట్టుకుంది.

ఇప్పుడు మాత్రం సరిపెట్టుకోలేకపోయింది. నేల మీద చతికిలబడింది. గొంతు పెద్దది కాలేదు, అదే ఎలీసబెతును భయపెట్టింది.

"బావి కాడ అందరికి చెప్పిన. కమలక్కకు చెప్పిన. ఆయన మంచిగున్నడు, దేవుడు దినాం నాకు చూపెడుతున్నడు అని చెప్పిన. నవ్వుకుంట తిరిగిన అత్తమ్మా. గిప్పుడు నాకేమున్నది? మీ గంటె తప్ప ఏమున్నది?"

"ఆ నవ్వు కోసమే పోశాను."

"నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రు."

"చేశాను. ఏం చెయ్యమంటావు? మొదటి బుధవారమే కుండ తగ్గింది. తిండి తింటే తగ్గదా? నువ్వేమో దానికీ వాడి ప్రాణానికీ ముడేసి కూర్చున్నావు. కడుపులో వాడి బిడ్డ. వాడు నీకు మొగుడు మూడేళ్ళ నుంచి, నాకు కొడుకు ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి. నాకు గుర్తు చూపించే కుండ ఏదే? నాకెవరు పోస్తారు?"

ఎలీసబెతు చింతపండు మళ్ళీ చేతిలోకి తీసుకుంది, పీచు లేనిచోట కూడా పీచు వెతికింది.

దూరంగా, పెద్ద రోడ్డు వైపు నుంచి నేల సన్నగా అదరడం మొదలైంది. గూట్లోని గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. దేవకృపకు అది టాంకుల చప్పుడనిపించలేదు. ఎక్కడో చాలా లోతున, నేల కింద, గూడ్సుబండి ఒకటి మెల్లగా ఊరి వైపు వస్తున్నట్టుంది. కళ్ళు మూసుకుంటే ఇంకా దగ్గరవుతోంది. తెరవడానికి భయం వేసింది.

తెరిచేసరికి అత్త ఆమె పాదాలను తన ఒళ్ళోకి తీసుకుని, చింతపండు అంటని ఎడమచేత్తో నిమురుతోంది.

"నువ్వింకొకటి చేశావు, అది మాత్రం క్షమించను" అంది ఎలీసబెతు. "పగులు దాకా నింపి హమ్మయ్య అనుకుంటానా, నువ్వు గిన్నెడు తీసి కమలాబాయికి పోసేదానివి. నేను దేవుడి దగ్గర ఎత్తుకొచ్చిన బియ్యం, నా కళ్ళ ముందే, నా కోడలు ధర్మం చేస్తుంటే, వద్దనడానికి నోరు లేక, గుటకలు మింగుతూ చూశాను. గిన్నె కాస్త చిన్నది తీసుకోకూడదా?"

ఏడవడానికి సిద్ధమైన దేవకృప మొహంలో ఏదో అడ్డం తిరిగింది. పెదవి బిగపట్టింది. నవ్వు కాదు అది, నవ్వుకు పక్కింటిది.

"గా డబ్బా బియ్యం ఎవలకు పంచుతరు?"

"నీకు తెలీదా? లేనివాళ్ళకు."

"కమలక్క ఇంట్ల లేకుండె."

ఎలీసబెతు నిమరడం ఆపింది. ఆ మాటను చింతపండు లాగానే అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే వారం రోజులు నా చేత దొంగతనం చేయించి, నీ చేత పంచిపెట్టించి, ఆయన పని ఆయన చేసుకున్నాడంటావు. మధ్యలో నాకు నిద్ర లేకుండా చేసి." ఆమె పైకప్పు వంక కాస్త కోపంగానే చూసింది. "ఒక్క మాట చెబితే సరిపోయేదిగా. అయినా రేపు గుడిలో నిలబడి చెప్పేస్తాను. సమాజం పెద్దగా ఇంకొకర్ని చూసుకోమంటాను. బుధవారం డబ్బా అడుగు కనపడ్డప్పుడే అనుకున్నాను."

"బుధవారమా?"

"మొన్న బుధవారం. గీకి గీకి ఆఖరి సోలెడు పోశాను."

దేవకృప నిటారుగా లేచి కూర్చుంది. "గట్లయితే గురువారం?"

"గురువారం పొయ్యడానికి నా దగ్గరేముంది? కుండ తగ్గుతుంది, నువ్వు చూస్తావు, ఏడుస్తావు, అప్పుడు చెప్పేద్దామని నీ మొహమే చూస్తూ కూర్చున్నాను. నువ్వు మూత తీసి నవ్వావు. నిన్న శుక్రవారం కూడా నవ్వావు. సరే, దీనికి నా సంగతి తెలిసిపోయింది, ముసల్ది సిగ్గుపడుతుందని ఎక్కణ్ణుంచో తెచ్చి తనే పోసుకుంటోంది అనుకున్నాను."

"నేనేడికెళ్ళి తెస్త అత్తమ్మా? బజారు బందున్నది."

ఇద్దరూ ఒకేసారి కుండ వంక చూశారు. అది వెనక తలుపు పక్కన, తన మూల తను, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

దేవకృప నేల మీద జరుగుతూ వెళ్ళి, మూత తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ వేలు పెట్టి చూసింది పగులును, బియ్యాన్ని కాదు. ఇప్పుడు పైనున్న బియ్యం చేటలోకి తీసి, వెలుతురు నాణెం కిందికి జరిపింది. సన్నం, దొడ్డు, ఎర్ర కలిసిన ముప్పై ఇళ్ళ బియ్యం కాదు. అంతా ఒకటే రకం, పల్లె దంపుడు బియ్యం. మధ్య మధ్య నల్లటి గింజలు.

"రాళ్ళు" అంది ఎలీసబెతు.

దేవకృప ఒక నల్లగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. రాయి నలగదు. ఇది నలిగి, వేళ్ళకు నిగనిగలాడే మసి అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మూడేళ్ళుగా ఆయన చొక్కాలు ఉతికిన చేతులు అవి. ఎన్ని కుంకుడుకాయలు వేసినా పోని వాసన.

"అత్తమ్మా, ఇంజను బొగ్గు."

ఎలీసబెతు తన కోడలి వేళ్ళు పట్టుకుని తన ముక్కుకు ఆనించుకుంది. ఎప్పుడూ గొంతెత్తి ప్రార్థన చేసే మనిషి, పెదవులు కదిలాయి కానీ చప్పుడు రాలేదు. యాభై ఆరేళ్ళలో ఆమె మనసులో చేసుకున్న మొదటి ప్రార్థన అదే.

"పొద్దున మనం బావికి పోలే" అంది దేవకృప మెల్లగా. "గందుకే పొద్దున బియ్యం తగ్గినయ్. మనం దినాం ఇద్దరం బావికి పోయే యాళ్ళకు, ఎవలో వచ్చిపోతున్నరు."

"మన వెనక తలుపుకు బయట్నుంచి తీసే గొళ్ళెమే."

"మరి ఆయనైతే లోపలికి రాడా? నన్ను చూడడా?"

బొగ్గు ఆయన వాసన చెప్పింది కానీ ఆయన బతుకు చెప్పలేదు. చచ్చినవాడి బట్టలకు కూడా బొగ్గు వాసన ఉంటుంది. ఆ ఆలోచన ఇద్దరికీ వచ్చింది, ఇద్దరూ రెండోవాళ్ళకు రాలేదనుకున్నారు.

దేవకృప చేటలోంచి ఒక గుప్పెడు తీసింది. ఖాళీ డబ్బా దగ్గరికి జరిగి, గుప్పిట విప్పింది. ఉత్త రేకు మీద బియ్యం చిటపటమని, ఎండిన నేల మీద మొదటి చినుకుల్లా మోగింది.

"ఎవరు పోశారో తెలీని బియ్యమే అది" అంది ఎలీసబెతు.

"తెల్వకున్నా కొలిచినప్పుడు గుప్పెడు తియ్యాలె గదా. మీరే నేర్పిండ్రు." ఆమె డబ్బాలోకి చూస్తూ కూర్చుంది. "నేను గుర్తు అడుగుడు తప్పైంది అత్తమ్మా. గుర్తు ఇయ్యకపోయినా దేవుడు అన్నం పెట్టిండు. గిప్పుడు మా ఆయన పానంతోటి ఉన్నడో లేడో నాకెర్కలే. అయినా గుప్పెడు తీసిన. ఇగ గంతే."

వీధి ఇంకా ఖాళీగానే ఉంది. ఊరంతా టాంకుల దగ్గరుంది. ఈ సందులో ఏ ఇంట్లోనూ మనిషి లేడని ఎవరైనా అనుకోవాల్సిన వేళ ఏదైనా ఉంటే, అది ఇదే.

వెనక తలుపు గొళ్ళెం పైకి లేచింది.

ఎలీసబెతు కోడలి భుజం పట్టుకుంది. తలుపు జానెడు తెరుచుకుంది, ఎండ చీలిక ఒకటి కుండ మీద పడింది. ఆ చీలికలోంచి ఎర్ర మూట ఒకటి లోపలికొచ్చింది. రుమాలే. మసిబారి, అంచు కాలి, నాలుగు కొంగులూ కలిపి ముడేసిన ఆర్థర్ మెడ రుమాలు. దాని వెనక ఒక చేయి. ఆ చేయి ఒకటికి రెండుసార్లు వచ్చిన అలవాటుతో, చూడకుండానే, కుండ మూత కోసం తడిమింది. మూత దొరకలేదు. అది దేవకృప ఒళ్ళో ఉంది.

చేయి గాలిలో ఆగిపోయింది. వెనక్కి తగ్గబోయింది.

దేవకృప ముందుకు వంగి ఆ మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద గాజులు గలగలమన్నాయి.

ఇక్కడ నన్ను వచ్చేవారం దాకా తిట్టుకుంటారని తెలుసు, అందుకే వెళ్ళేముందు మనసు తేలిక చేసుకుంటున్నాను. కమలాబాయి కోడి అబద్ధం. ఆ ఇంట్లో ఏనాడూ కోడి లేదు, జంట సొనల గుడ్డూ లేదు. గిన్నెడు బియ్యానికి ఆమె బదులిచ్చింది రెండు బిందెల నీళ్ళు. ఆకలి రోజుల్ని చెబుతూ చెబుతూ నాకే ఆకలేసి ఆ గుడ్లు పెట్టాను. కానీ ఆ రుమాలూ, బియ్యంలో రాలిన బొగ్గు రవ్వలూ, ముందెప్పుడూ ఆ ఇద్దరూ చూసి ఎరగని ఆ ఆడచేతికి ఉన్న ఆరు ఆకుపచ్చ గాజులూ, వీటిలో ఒక్కటి కూడా నేను కల్పించింది కాదు.